పరామర్శలో పొగ: ఊపిరితిత్తుల క్యాన్సర్ బాధితుల ఓదార్పుపై ఒక నైతిక విచారణ

ప్రవేశిక

రోగిని చూసిరావడం తెలుగు సమాజంలో మర్యాద మాత్రమే గాక ఒక బాధ్యత కూడా. పెళ్లికి పోకపోతే సర్దుకుంటారు గాని, ఆపదలో పలకరించకపోతే ఆ లోటు ఏళ్ల తరబడి గుర్తుంటుంది. ఈ పలకరింపుకు భాషలో స్థిరపడిన పేరు 'పరామర్శ'. పండ్లు పట్టుకొని పోవడం, మంచం పక్కన కొంతసేపు కూర్చోవడం, ధైర్యం చెప్పి రావడం దాని బాహ్య రూపం. అయితే అన్ని రోగాల విషయంలోనూ ఈ ఆచారం ఒకే తీరుగా సాగదు. రక్త క్యాన్సర్ వచ్చినవారిని చూడబోయినవారు అడగని ప్రశ్న ఒకటి ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి ఇంట తప్పక వినిపిస్తుంది. 'బీడీ తాగేవాడా?' అన్నదే ఆ ప్రశ్న. కొన్నిసార్లు అది రోగి ముందే వస్తుంది. కొన్నిసార్లు వాకిట్లో, చెప్పులు వేసుకునే వేళ, ఇంటి ఇల్లాలి చెవిన పడుతుంది.

ఆ ప్రశ్నలో దురుద్దేశం ఉండనక్కరలేదు. అయినా అది ఓదార్పు కోసం జరిగిన రాకను విచారణగా మారుస్తుంది. ప్రపంచంలో క్యాన్సర్ మరణాలకు మొదటి కారణం ఊపిరితిత్తుల క్యాన్సరే. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 25 లక్షల మందికి కొత్తగా ఈ వ్యాధి నిర్ధారణ కాగా, 18 లక్షల మంది మరణించారు. ఇంతమందిని, వారి కుటుంబాలను తాకే వ్యాధి విషయంలో సమాజం ఓదార్పుకు ముందు నిర్దోషిత్వాన్ని కోరవచ్చునా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రధాన ప్రశ్న. దీనికి అనుబంధంగా మరో రెండు ప్రశ్నలున్నాయి. రోగి నుంచి నిజాన్ని దాచడం ఓదార్పు అవుతుందా? రోగిని కనిపెట్టుకొని ఉన్నవారి పట్ల సమాజానికి గల కర్తవ్యం ఏమిటి? వరంగల్ ప్రాంతపు భాష, సాహిత్య వారసత్వం, వైద్య వాస్తవాలు ఈ విచారణకు ఆధారాలు.

పరామర్శ: ఒక మాట, మూడు అర్థాలు

'పరామర్శ' సంస్కృత పదం. 'మృశ్' ధాతువుకు స్పృశించడం అన్నది మూలార్థం. చేతితో తాకడం నుంచి మనసుతో తాకడం, అంటే ఆలోచించడం, పరిశీలించడం అనే అర్థం ఏర్పడింది. 'పరామర్శ గ్రంథం' అన్నప్పుడు తెలుగులోనూ ఆ అర్థమే నిలిచి ఉంది. న్యాయశాస్త్రంలో ఇదే మాట పారిభాషిక పదమయింది. అనుమాన ప్రక్రియలో నిర్ణయానికి ముందుండే చివరి మెట్టుకు 'పరామర్శ' అని పేరు. తెలుగు వాడుకలో మాత్రం యోగక్షేమాలు అడగడం, దుఃఖంలో పలకరించడం అన్న అర్థం బలపడింది. తాకడం, తేల్చడం, పలకరించడం అనే మూడు పనులు ఒకే మాటలో ఒదిగి ఉన్నాయి.

రోగి ఎదుట ఈ మూడింటిలో ఏది ముందు రావాలన్నదే నైతిక సమస్య. వచ్చినవాడు పలకరింపు కోసం వస్తాడు, తేల్చే పనిలో పడతాడు, తాకడం మరచిపోతాడు. వరంగల్ ప్రాంతపు నుడికారంలో ఈ భేదం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఆరోగ్యానికి జనం వాడే మాట 'పానం'. 'పానం ఎట్లున్నది?' అన్న పలకరింపులో శరీరం, మనసు, బతుకు మూడూ ఇమిడి ఉంటాయి. అది జవాబును రోగికి వదిలే ప్రశ్న. అతడు నొప్పి గురించి చెప్పవచ్చు, అప్పు గురించి చెప్పవచ్చు, ఏమీ చెప్పకనూ ఉండవచ్చు. 'ఎట్ల వచ్చింది?' అన్న ప్రశ్న అలాంటిది కాదు. దానికి రోగి తన గతాన్ని సాక్ష్యంగా ఇచ్చుకోవాలి. పలుకుబడుల భాషకు పట్టం కట్టాలన్న కాళోజీ నారాయణరావు నివసించిన నగరంలో, జనం నోట ఉన్న ఈ రెండు ప్రశ్నల మధ్య దూరాన్ని గమనించడం భాషాధ్యయనానికి బయటి పని కాదు.

పొగ, నిప్పు, అనుమానం

న్యాయశాస్త్రం పరామర్శను వివరించడానికి ఎంచుకున్న ఉదాహరణ పొగదే కావడం గమనార్హం. కొండ మీద పొగ కనబడింది. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుందన్న నియమం తెలుసు. ఆ నియమానికి లోబడిన పొగ ఈ కొండ మీద ఉంది. కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు తన 'తర్కసంగ్రహం'లో బాలబోధ కోసం ఈ ప్రక్రియనే సులభంగా వివరించాడు. అతడే దీనికి ప్రతిగా ఒక దోషాన్నీ చూపాడు. పొగను బట్టి నిప్పును ఊహించవచ్చు గాని, నిప్పును బట్టి పొగను ఊహించరాదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ పుట్టాలంటే నిప్పుకు పచ్చి కట్టె తోడు కావాలి. చెప్పకుండా లోపల దాగిన ఇలాంటి షరతును శాస్త్రం 'ఉపాధి' అంటుంది. ఉపాధి ఉన్న హేతువు నిర్ణయానికి పనికిరాదు.

పరామర్శకు వచ్చినవాడు చేసే తప్పు తార్కిక రూపంలో సరిగ్గా ఇదే. రోగాన్ని చూసి పొగను ఊహిస్తాడు. ఇక్కడ పోలిక అనుమానపు రూపానికే పరిమితం, కార్యకారణ క్రమానికి కాదు. ధూమపానం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అతి ముఖ్య కారణమన్న సంగతి నిస్సందేహం. 1950లో బ్రిటన్‌లో డాల్, హిల్; అదే ఏడాది అమెరికాలో విండర్, గ్రాహం వెలువరించిన అధ్యయనాలు ఆ సంబంధాన్ని బలంగా చూపాయి. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక దానిని ప్రభుత్వ స్థాయిలో ప్రకటించింది. కాని ముఖ్య కారణం ఏకైక కారణం కాదు. ఎన్నడూ బీడీ, సిగరెట్టు ముట్టనివారికీ ఈ వ్యాధి వస్తుంది. భారతదేశపు రోగులలో, ప్రత్యేకించి స్త్రీలలో, అలాంటివారు గణనీయంగా ఉన్నారు. ఇతరులు వదిలిన పొగ, ఆస్‌బెస్టాస్ ధూళి, నేల నుంచి వెలువడే రేడాన్ వాయువు కూడా కారకాలే. బయటి గాలి కాలుష్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో నిర్ధారిత కారకాల జాబితాలో చేర్చింది. ఇళ్లలో బొగ్గు కాల్చగా వచ్చే పొగను అదే సంస్థ నిర్ధారిత కారకంగానూ, వంటకట్టెల పొగను సంభావ్య కారకంగానూ వర్గీకరించింది.

దశాబ్దాల పాటు కట్టెల పొయ్యి ముందు కూర్చుని, గొట్టంతో ఊది, కుటుంబానికి వండిపెట్టిన ఒక గ్రామీణ స్త్రీకి ఈ వ్యాధి వచ్చిందనుకుంటే, ఆమె పీల్చిన పొగ ఎవరి కోసం పీల్చింది? వచ్చినవారి ప్రశ్న ఆమెను ఒక అలవాటుకు లోబడిన మనిషిగా చూస్తుంది. ఆమె జీవితం నిజానికి ఒక సేవకు లోబడింది. ఆ ప్రశ్నకు 'లేదు' అని జవాబు చెప్పినా అనుమానం తీరదు. సంస్కృతంలో అనుమానం అంటే ప్రమాణం. తెలుగులో అనుమానం అంటే శంక. పడకగదిలో మొదటిది చాలా తొందరగా రెండవదిగా మారిపోతుంది. కనుక ఈ పరామర్శలోని మొదటి దోషం జ్ఞానానికి సంబంధించినది: తెలియని దానిని తెలిసినట్టు తేల్చడం.

తాగినవాడైతే?

ఈ వాదం ఇక్కడితో ఆగితే అసంపూర్ణంగానే కాక అన్యాయంగానూ మిగులుతుంది. పొగ తాగని రోగి నిర్దోషి గనుక ఓదార్పుకు అర్హుడని చెప్పడంలో, తాగినవాడు అనర్హుడన్న ధ్వని దాగి ఉంది. అసలు కఠినమైన ప్రశ్న రెండవవాని విషయంలోనే ఎదురవుతుంది. ముప్పై ఏళ్లు బీడీ తాగాడు, వద్దన్నారు, వినలేదు, రోగం వచ్చింది. 'చేసుకున్నవారికి చేసుకున్నంత' అన్న సామెత ఇక్కడ వర్తించదా?

దీనికి మొదటి సమాధానం, ఆ 'చేసుకున్న'దానిలో ఎందరి చేతులున్నాయో లెక్కించడం. తెలుగు సంస్కృతి పొగను చాలాకాలం ముద్దుగానే చూసింది. 'కన్యాశుల్కం'లో గిరీశం చుట్ట మహిమను శిష్యుడికి బోధించే తీరు తరతరాల పాఠకులను నవ్వించింది. తెలుగు సినిమా నాయకుడు సిగరెట్టు వెలిగించిన తీరును యువకులు అనుకరించారు. 'దమ్ము' అన్న ఒక్క మాటే ఊపిరికీ, పొగ పీల్పుకూ, ధైర్యానికీ వాడుక అయింది. తెలంగాణలో ఆయాసాన్ని కూడా 'దమ్ము' అనే అంటారు. దమ్ము కొట్టినవాడే దమ్మున్నవాడని చెప్పిన భాష, అతనికి దమ్ము లేచిన రోజున దూరంగా జరగడం న్యాయం కాదు.

సంస్కృతితో పాటు జీవనోపాధి కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ అడవులలో ఎండాకాలం వచ్చిందంటే తునికాకు సేకరణ వేలాది కుటుంబాలకు కూలి. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో బీడీలు చుట్టడం ఎందరో స్త్రీలకు ఇంటిపట్టున దొరికే పని. పొగాకు మీద పన్ను ప్రభుత్వానికి ఆదాయం. ఆకు కోసిన చేతి నుంచి బీడీ కాల్చిన పెదవి దాకా ఉన్న ఈ గొలుసులో చివరి కడియాన్ని మాత్రమే తప్పు పట్టడం, మిగతా కడియాలను కనబడకుండా చేస్తుంది. నికోటిన్ వ్యసనపరచే పదార్థం. చాలామంది దానికి అలవాటు పడేది వివేకం పూర్తిగా స్థిరపడని వయసులోనే అన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి.

అయినా ఈ సమాధానం చాలదు. బాధ్యత పంచబడిందని నిరూపిస్తే నింద తగ్గుతుంది గాని, ఓదార్పు నింద తగ్గడం మీదే ఆధారపడి ఉంటుంది. ఎవరూ ప్రోత్సహించకుండా, అన్నీ తెలిసి, తన ఇష్టం కొద్దీ తాగిన మనిషి ఒకడు ఉన్నాడనుకుందాం. అతని పట్ల కర్తవ్యం ఏమిటన్నది అప్పటికీ మిగిలే ఉంటుంది. దీనికి సమాధానం కోసం బాధ్యతల లెక్కను దాటి, రక్షణకూ కారణానికీ మధ్య ఉండవలసిన క్రమాన్ని చూడాలి.

రక్షణ ముందు, కారణం తరువాత

ఆ క్రమాన్ని తెలుగు సాహిత్యంలో స్పష్టంగా చూపిన ఘట్టం గజేంద్ర మోక్షం. పాలకుర్తి సమీపాన గల బమ్మెరతో ముడిపడిన పోతన దీనిని తెలుగువారి నోట నిలిపాడు. మడుగులో మొసలి పట్టుకున్న ఏనుగు చాలాకాలం తన బలంతోనే పోరాడింది. బలం ఉడిగి, ధైర్యం సడలి, ప్రాణాలు నిలకడ తప్పిన దశలో మొర పెట్టుకుంది. ఆ మొర విన్నవాడు పక్కనున్న లక్ష్మికి చెప్పకుండా, ఆయుధాలు సవరించుకోకుండా బయలుదేరాడని పోతన వర్ణన. ఈ వేగం భక్తి దృష్టితో ఎంతగానో వ్యాఖ్యానించబడింది. నైతిక దృష్టితో గమనించదగినది కథనక్రమం.

గజేంద్రుని ఆపదకు ఒక పూర్వకారణం ఉంది. పూర్వజన్మలో అతడు ఇంద్రద్యుమ్నుడనే రాజు. ధ్యానంలో ఉండి, వచ్చిన అగస్త్యుని గౌరవించనందువల్ల శాపం పొందాడు. అంటే భాగవతం దృష్టిలో కూడా ఈ ఏనుగు 'చేసుకున్న'వాడే. అయితే ఆ సంగతి కథలో ఎప్పుడు వస్తుంది? మొసలి ఖండితమై, ఏనుగు విముక్తమైన తరువాతనే వస్తుంది. మడుగు ఒడ్డున నిలబడి శాపకారణం విచారించి, అర్హత తేల్చి, ఆపై చక్రం వదలడం ఆ కథలో లేదు. కారణాన్ని కావ్యం దాచలేదు, అబద్ధమనీ అనలేదు. దానికి తగిన చోటు రక్షణ తరువాత అని మాత్రం నిర్ణయించింది. కర్మసిద్ధాంతాన్ని అంగీకరించిన సంప్రదాయమే, బాధపడేవాని ఎదుట దానిని కొలతకర్రగా వాడలేదు.

బౌద్ధ సంప్రదాయంలోనూ ఇలాంటి సాక్ష్యం ఉంది. వినయపిటకంలోని మహావగ్గంలో, అతిసారంతో తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు చూస్తాడు. నీ బాధ ఏమిటి, నిన్ను చూసుకునేవారు ఉన్నారా, ఎందుకు లేరు అని అడుగుతాడు. తాను ఇతరులకు ఏ సాయమూ చేయలేదు గనుక తనను ఎవరూ చూడడం లేదని ఆ భిక్షువు చెబుతాడు. అర్హత లెక్క ఆ రోగి మనసులోకే ఎక్కిపోయింది. బుద్ధుడు ఆ లెక్కతో వాదించలేదు. ఆనందుని సాయంతో అతనిని కడిగి పడుకోబెట్టాడు. తల్లిదండ్రులు దగ్గర లేని మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని తరువాత సంఘాన్ని ప్రశ్నించాడు. ఆయన అడిగిన మూడు ప్రశ్నలలో రెండు పరిచర్య గురించినవి. రోగి నడవడి గురించి ఒక్కటీ లేదు.

ఈ రెండు ఘట్టాల నుంచి తేలే సూత్రం ఇది: ఓదార్పు యోగ్యతకు ఇచ్చే బహుమానం కాదు, బాధకు చెందిన హక్కు. యోగ్యత చూసి ఇచ్చేది సన్మానం. బాధ చూసి ఇచ్చేది సాంత్వన. ఈ రెండింటినీ కలిపినప్పుడు పరామర్శ తీర్పుగా మారుతుంది.

ఒక ఆక్షేపం

ఈ సూత్రానికి బలమైన ఆక్షేపం ఒకటి ఉంది. పొగ గురించి మాట్లాడకపోతే రాబోయే తరం ఎలా నేర్చుకుంటుంది? నిందకు భయపడి మానేసేవారు కొందరైనా ఉంటారు కదా? పొగాకు నియంత్రణ కోసం 2003లో చట్టం వచ్చింది. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాలలో ధూమపాన నిషేధం దేశమంతటా అమలులోకి వచ్చింది. ఈ ప్రయత్నాలను సానుభూతి నీరుగార్చదా?

ఆక్షేపంలో సత్యం ఉంది గనుక దానిని తోసిపుచ్చరాదు. కావలసింది మౌనం కాదు, మాటకు తగిన వక్త, స్థలం, కాలం. వైద్యుడు ధూమపాన చరిత్ర అడగాలి, చికిత్సకు అది అవసరం. నిర్ధారణ తరువాత కూడా మానేయడం వల్ల మేలుంది గనుక ఆ సలహా అతడు ఇవ్వాలి. బడిలో, సినిమాహాలులో, బీడీకట్ట మీద హెచ్చరిక ఉండాలి. రోగి తానుగా తన అలవాటు గురించి చెప్పుకోదలిస్తే వినాలి. అతని పశ్చాత్తాపానికి కూడా ఒక శ్రోత కావాలి. వైద్యుని ప్రశ్నకు ప్రయోజనం రోగికి చెందుతుంది. బంధువు ప్రశ్నకు ప్రయోజనం అడిగినవానికే చెందుతుంది: 'నేను తాగను గనుక నాకు రాదు' అన్న నిశ్చింత. పరాయివాని రోగాన్ని తన భయానికి మందుగా వాడుకోవడం అందులోని సూక్ష్మమైన దోషం. సూసన్ సాంటాగ్ 1978లో వెలువరించిన 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' గ్రంథంలో క్షయ, క్యాన్సర్ వ్యాధులకు సమాజం అంటగట్టే అర్థాలే రోగికి అదనపు బరువవుతాయని వాదించింది. తెలుగులో క్యాన్సర్‌కు వాడుకలో ఉన్న 'రాచపుండు' అన్న పాత పేరులో భయం ఉంది గాని నింద లేదు. ఆధునిక కాలం భయాన్ని తగ్గించకుండానే నిందను చేర్చింది.

పైగా నింద నివారణకు తోడ్పడుతుందన్న భావన కూడా సందేహాస్పదమే. నిందకు భయపడినవాడు అలవాటును మానడం కంటే దాచడం సులభం. ఎడతెగని దగ్గును దాచుకున్నవాడు ఆలస్యంగా ఆసుపత్రికి పోతాడు. దగ్గు, కళ్లెలో రక్తం, ఎక్స్‌రేలో మచ్చ వంటి లక్షణాల వల్ల మన దేశంలో ఈ వ్యాధిని క్షయగా పొరబడి కాలం గడిచిపోవడం ఎలాగూ ఉంది. దానికి సిగ్గు కూడా తోడైతే కోల్పోయేది చికిత్సకు పనికివచ్చే కాలం.

దాపరికం అనే దయ

నింద ఒక అంచు అయితే, దాపరికం మరో అంచు. 'పెద్దజబ్బు' అని గుసగుసగా చెప్పుకోవడం, రిపోర్టులు దాచడం, 'ఆయనకు చెప్పకండి సారు' అని డాక్టరును బతిమాలడం తెలుగు కుటుంబాలలో అపరిచిత దృశ్యాలు కావు. దీని వెనుక ప్రేమ ఉంది; ధైర్యం చెడితే మనిషి నిలవడన్న నమ్మకం ఉంది. వ్యక్తి స్వతంత్రతను పరమ విలువగా భావించే పాశ్చాత్య వైద్యనీతి దీనిని సూటిగా తప్పంటుంది. కుటుంబమే నిర్ణయకర్త అయిన సమాజంలో అంత సులభంగా తేల్చడం సాధ్యం కాదు.

అయితే ఈ దయకు చెల్లించే మూల్యాన్ని చూడాలి. చాలా సందర్భాలలో రోగికి సంగతి తెలిసిపోతుంది. మందుల తీరు, జుట్టు రాలడం, బంధువుల రద్దీ అతనికి చెప్పేస్తాయి. తనకు తెలుసునని ఇంటివారికి తెలిస్తే బాధపడతారని అతడు దాస్తాడు. అతనికి తెలిస్తే బాధపడతాడని వారు దాస్తారు. ఒకే కప్పు కింద ఇరుపక్షాలూ ఒంటరివారవుతాయి. భూమి పట్టా ఎవరి పేర పెట్టాలి, కూతురి పెళ్లి ముందుకు జరపాలా, ఎవరితో మాట కలుపుకోవాలి అన్నవి మనిషి తన చివరి కాలంలో తేల్చుకోవలసిన పనులు. దాపరికం వాటిని అతని చేతిలోంచి తీసేస్తుంది. కనుక రోగికి ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు అతనినే అడగడం, అడిగినంత మేరకు మెల్లగా, పక్కన మనిషిని ఉంచి చెప్పడం మధ్యేమార్గం. తెలుసుకోవద్దనుకునే హక్కు కూడా అతనిదే. ఆ హక్కును అతని తరపున ఇతరులు ముందే వాడేయడం మాత్రం దయగా మొదలై అధికారంగా ముగుస్తుంది.

ఒడ్డున నిలిచినవారు

గజేంద్ర మోక్షంలో అంతగా చర్చకు రాని ఒక చిత్రం ఉంది. మొసలితో పోరాడే గజరాజును ఒంటరిగా విడిచి పోవడానికి కాళ్లు రాక, ఆడ ఏనుగుల గుంపు అక్కడే నిలిచి చూస్తూ ఉండిపోయిందని పోతన చెబుతాడు. వాటి వల్ల ఏనుగుకు విడుదల రాలేదు. అయినా అవి పోలేదు. కావ్యం ఆ నిలబడడాన్ని నిష్ఫలమని తీసివేయకుండా ఒక పద్యం కేటాయించింది.

రోగి కుటుంబం స్థితి ఇదే. ఆసుపత్రి కాగితాలలో వారి పేరు 'సహాయకులు'. సహాయకులకు పడక ఉండదు, కేసు షీటు ఉండదు. వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి చుట్టుపక్కల జిల్లాల పేదలకు పెద్దదిక్కు. క్యాన్సర్ ప్రత్యేక చికిత్సకు ప్రభుత్వ రంగంలో 1955లో ప్రారంభమైన హైదరాబాద్ ఎంఎన్‌జే సంస్థ ముఖ్య ఆశ్రయం. ఈ రెండింటి మధ్య దూరం సుమారు 145 కిలోమీటర్లు. కాజీపేటలో రైలెక్కే ప్రతిసారీ రోగితో పాటు ఒక కూలి రోజు, ఒక బడి రోజు కూడా పోతాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పరిమితి తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెరిగింది. అది ఆసుపత్రి బిల్లును మోస్తుంది. తోడు వచ్చినవారి తిండి, కోల్పోయిన కూలి, రాత్రి నిద్ర దాని లెక్కలోకి రావు. ఇంట్లో దీనిని ఎక్కువగా మోసేది స్త్రీ. రాత్రి ఊపిరాడక లేచి కూర్చున్న మనిషి వీపు నిమిరే చేయి సాధారణంగా భార్యదో, కూతురిదో, కోడలిదో అవుతుంది. 'నువ్వైనా మాన్పించకపోతివి' అన్న మాట పడేదీ ఆమె మీదే. రోగి మీది నింద ఈ విధంగా పరిచర్య చేసేవారి మీదికి పాకుతుంది.

కనుక పరామర్శకు పోయినవారు పలకరించవలసినవారు ఆ ఇంట్లో ఇద్దరు. మంచం మీది మనిషి ఒకరైతే, వంటింట్లో చాయ పెడుతున్న మనిషి మరొకరు. ఒక పూట తాను కూర్చుంటానని చెప్పి ఆమెను నిద్రపుచ్చడం, ఒక విడత రైలు ప్రయాణానికి తోడు పోవడం, పిల్లవాని ఫీజు సంగతి అడగడం ఇవన్నీ వంద ధైర్యవచనాల కంటే బరువైన పరామర్శలు.

ఆలన: ఒడ్డు నుంచి మడుగులోకి

తోడుండడాన్ని ఎంత ప్రశంసించినా అది నొప్పిని తగ్గించదు. ఆడ ఏనుగుల ప్రేమకు చక్రాయుధం తోడు కావాలి. ఓదార్పును గొప్పగా చెప్పి మందును మరిపించడం ఇంకో విధమైన అన్యాయం. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టొఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్, శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ నాలుగింటినీ కలిపిన 'సమగ్ర వేదన' అన్న భావనను ముందుకు తెచ్చింది. ఆ ఆలోచన నుంచి పెరిగినదే ఉపశమన వైద్యం. కేరళలో 1993లో కోజికోడ్ కేంద్రంగా మొదలైన ప్రయత్నం, క్రమంగా ఇరుగుపొరుగు స్వచ్ఛంద కార్యకర్తలే రోగి ఇంటికి పోయి చూసుకునే పద్ధతిగా విస్తరించింది. 2008లో ఆ రాష్ట్రం దీనిపై ఒక విధానాన్నే ప్రకటించింది. మార్ఫిన్ లభ్యతకు అడ్డుగా ఉన్న కఠిన నిబంధనలను 2014లో పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి సడలించింది.

ఈ సేవ మరణశయ్యకు మాత్రమే పరిమితమన్న అపోహను తొలగించిన అధ్యయనం ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీదే జరిగింది. 2010లో అమెరికాలో 151 మంది ముదిరిన దశ రోగులతో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, నిర్ధారణ కాగానే ఉపశమన సేవ కూడా అందుకున్నవారి జీవన నాణ్యత మెరుగ్గా, కుంగుబాటు తక్కువగా కనిపించింది. వారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు కాగా, సాధారణ చికిత్స మాత్రమే పొందినవారిది 8.9 నెలలు. ఒకే అధ్యయనం నుంచి అతి నిర్ణయాలు చేయరాదు. ఆదరణ అన్నది వైద్యానికి అలంకారం కాదని, వైద్యంలో భాగమని చెప్పడానికి మాత్రం అది చాలు.

తెలంగాణలో రోగి ఇంటికే పోయి ఉపశమన సేవలందించే ప్రభుత్వ కార్యక్రమానికి 'ఆలన' అని పేరు పెట్టారు. 'ఆలన పాలన' అన్న జంటపదం తెలుగులో పసిబిడ్డల పెంపకానికి వాడేది. పసిబిడ్డను ఎవరూ యోగ్యత అడగరు, ఏడ్చినందుకే ఎత్తుకుంటారు. ఆ పేరులో పైన చెప్పిన సూత్రమంతా ఇమిడి ఉంది. పేరుకు తగిన సంఖ్యలో నర్సులు, మందులు, వాహనాలు ఉండేలా చూడడం ప్రభుత్వ బాధ్యత. ఆ వాహనం వచ్చిపోయిన తరువాత మిగిలే రోజులను చూసుకోవడం ఊరి బాధ్యత. ఒకటి రెండవదానికి ప్రత్యామ్నాయం కాదు.

ముగింపు

పై విచారణ నుంచి మూడు నిర్ణయాలు తేలుతాయి. రోగాన్ని బట్టి అలవాటును ఊహించడం తర్కదృష్టిలో దోషం; ఊహ నిజమైన సందర్భంలోనూ దానిని ఓదార్పుకు షరతుగా పెట్టడం నీతిదృష్టిలో దోషం. నిజాన్ని రోగి మీద రుద్దడం, అతని నుంచి దాచడం రెండూ అతనిని వినకపోవడంలోని రెండు రూపాలే. కుటుంబాన్ని విడిచి రోగిని మాత్రమే చూసే ఓదార్పు సగం ఓదార్పే.

కాళోజీ 2002లో మరణించిన తరువాత ఆయన దేహం కాకతీయ వైద్య కళాశాలకు చేరింది. ఆ దేహం మీద విద్య నేర్చిన వైద్యులు ముందు ముందు ఎవరిని బాగుచేస్తారో, ఆ రోగులు ఎలాంటివారో ఇచ్చినవారు విచారించలేదు. పరామర్శకు పోయేవారు ఇవ్వవలసింది అంతకంటే చాలా తక్కువ: మంచం పక్కన కొంత కాలం, తాకడానికి ఒక చేయి, 'పానం ఎట్లున్నది?' అన్న ఒక ప్రశ్న, దానికి వచ్చే జవాబు వినే ఓపిక.